విద్యార్థికి నీడ

విద్యను గూర్చి సభలు జరుగునప్పుడు మనవారు పాఠశాలలను గూర్చి మాటలాడుదురు. ఉపాధ్యాయులను గూర్చి, పుస్తకములను గూర్చి, బోధనాభాషను గూర్చి మాటలాడుదురు. అన్నమును గూర్చియు, తల దాచుకొను చోటును గూర్చియు మాటలాడువారు అరుదు. తెలుగు దేశమున గడచిన నూఱు సంవత్సరముల విద్యాచరిత్రను పరిశీలించినవారికి మాత్రము ఒక సత్యము స్పష్టముగా గోచరింపక మానదు. బడి కట్టినంతమాత్రమున పల్లెబిడ్డకు చదువు అందలేదు. ఆ బడియున్న ఊర రెండుపూటల భోజనమును, రాత్రి దీపమును, పండుకొనుటకు చాపెడు చోటును దొరకిననాడే అందినది. ఈ విషయమును గుర్తించి పనిచేసిన పెద్దలును, వారి నీడలో పెరిగి తామును ఇతరులకు నీడయైన విద్యార్థులును మనకు కలరు. వారి కృషిని స్మరించుట వట్టి కీర్తనము కొఱకు గాక, ఆ పనిలో నేటికిని మిగిలియున్న భాగమేదో తెలిసికొనుటకై ఉపకరించునని తలచి ఈ వ్యాసమును పాఠకుల ముందుంచుచున్నాము.

వారములు చేసికొని చదువుకొనుట మన దేశమున పూర్వాచారము. బీద విద్యార్థి ఆదివారమొక యింట, సోమవారమొక యింట, ఇట్లు ఏడు దినములకు ఏడిండ్లు కుదుర్చుకొని చదువు సాగించెడివాడు. ఎందఱో పండితులును న్యాయవాదులును ఈవిధముగనే పైకి వచ్చిరి. అన్నము పెట్టిన ఆ గృహిణుల పేరులు ఏ చరిత్రలోను లేకపోయినను, తెలుగు విద్యకు పునాది వేసినవారిలో వారును చేరినవారే. అయినను ఈ యాచారమునకు రెండు గట్లుండెను. ఒకటి కులము, రెండవది పురుషత్వము. వారములు ప్రధానముగా ఆగ్రవర్ణ బాలురకే లభించినవి. కాపు బిడ్డయు, సాలె బిడ్డయు, మాల మాదిగ బిడ్డలును, ఆడుబిడ్డలందఱును ఆ పంక్తికి వెలుపలనే నిలిచిపోయిరి. కావున విద్య అందఱికి అందవలెనన్న నలుగురి యిండ్ల దయపై ఆధారపడుట చాలదనియు, స్థిరమైన యేర్పాటు కావలయుననియు కొందఱు పెద్దలు గ్రహించిరి.

ఈ అవసరము హైదరాబాదు రాజ్యమందు మఱింత తీవ్రముగా నుండెను. అచ్చట 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయము ఒక దేశభాషలో ఉన్నతవిద్యను బోధింపవచ్చునని నిరూపించిన గొప్ప యత్నమే. అయితే ఆ భాష ఉర్దూ. ప్రజలలో పెక్కుమంది తల్లిభాషలైన తెలుగు, మరాఠీ, కన్నడములకు ఆ గౌరవము దక్కలేదు. ప్రజలు తమంతట తాము ఖాంగీ బడులు పెట్టుకొందమన్నను సర్కారువారి అనుమతి ముందుగా పొందవలసియుండెను. దీనివలన నష్టమెంత కలిగినదో తెలుపుటకు ఒక్క లెక్క చాలును. 1951 జనాభా లెక్కలనాటికి సయితము ఆ రాజ్యమున చదువను వ్రాయను నేర్చినవారు నూటికి పదిమందికి లోపుగనే యుండిరి. పాలమూరు, నల్లగొండ పల్లెల బాలుడు పెద్ద చదువు చదువగోరినచో నగరమునకు పోవలసినదే. నగరమున అతనికి చుట్టము లేడు, బస లేదు, వీథిలోను కచేరీలోను వినవచ్చు భాష అతని యింటి భాష కాదు.

ఈ స్థితిలో 1918లో హైదరాబాదు నగరమున రెడ్డి విద్యార్థి వసతిగృహము నెలకొన్నది. దీనికి ప్రధాన పోషకులు, అనంతరము నగర కొత్వాలు పదవి నలంకరించిన రాజబహద్దరు వేంకటరామారెడ్డిగారు. వీరు ప్రభుత్వమున గొప్ప యుద్యోగమున నున్నవారు, ఉద్యమకారులు కారు. అయినను తమ పలుకుబడిని సంపన్న భూస్వాముల వాకిండ్లకు గొనిపోయి, పల్లె బాలుర భోజనమునకై చందాలు కూర్చిరి. ఈ వసతిగృహము వట్టి భోజనశాలగా నిలిచిపోలేదు. సురవరము ప్రతాపరెడ్డిగారు దీని నిర్వహణభారము వహించి, గ్రంథాలయమును పెంపొందించి, విద్యార్థులలో మాతృభాషాభిమానమును నాటిరి. వారే 1926లో గోలకొండ పత్రికను స్థాపించిరి. 1930లో జోగిపేటయందు జరిగిన ప్రథమ ఆంధ్రమహాసభకు అధ్యక్షులైరి. 1943లో ఆంధ్ర సారస్వత పరిషత్తు పుట్టినదియు ఈ వసతిగృహముననే. తెలుగున పరీక్షలు నడిపి, బడి మొగము చూడనివారిని సయితము చదువునకు మరల్చిన సంస్థ అది.

కూటికై పెట్టిన గృహమునుండి పత్రికయు పరిషత్తును వెలువడుట విశేషముగా దోచవచ్చును. విచారించినచో ఇందు వింత లేదు. నలుబది గ్రామముల బాలురు ఒక కప్పుక్రింద నుండి, ఒక పంక్తిని భుజించి, ఒక దీపమువద్ద చదువుకొన్నచో వారికి తమ గ్రామమునకు మించిన దేశమొకటి కలదని తెలియును. ఒకని యూరి వెట్టిచాకిరి మఱియొకని యూరను కలదని వినినప్పుడు, అది తన కర్మఫలము కాదనియు, మాన్పదగిన అన్యాయమనియు తోచును. రావి నారాయణరెడ్డిగారు ఈ వసతిగృహ విద్యార్థియే. 1930 ఉప్పు సత్యాగ్రహ దినములలో చదువు విడిచి కాకినాడకు బోయిరి. తిరిగివచ్చి హరిజన సేవాసంఘమున పనిచేయుచు, హరిజన బాలురకు వసతిగృహములు నడిపిరి. తాము తినిన అన్నమును తమకంటె దిగువనున్నవానికి అందించుటయే అన్నదాతల ఋణమును తీర్చు మార్గమని ఈ యుదాహరణము తెలుపుచున్నది.

ఇచ్చట ఒక లోపమును దాచక చెప్పవలసియున్నది. ఆనాటి వసతిగృహములలో పెక్కులు కులము పేరిట వెలసినవి. ఏ కులమున భూమియు ధనమును కలవో ఆ కులపు బాలురకు గృహము లేచినది. ఏ కులమున రెండును లేవో ఆ బాలురు వీథిలోనే యుండిరి. చందా యిచ్చువారు తమవారికి ఇచ్చుకొనుట లోకస్వభావమే కావచ్చును గాని, విద్యావ్యాప్తికి అది తొలి మెట్టే గాని తుది మెట్టు కాదు. ధనబలము లేని కులమున బుట్టియు ఆ కాలముననే ఈ కొఱతను పూరింప బూనిన మహనీయుడు భాగ్యరెడ్డివర్మగారు. 1910 ప్రాంతమునుండియు ఆయన హైదరాబాదు నగరమున ఆది హిందువుల బాలబాలికలకై తెలుగు పాఠశాలలు స్థాపించుచు వచ్చెను. ఆయన వెనుక జమీందారులు లేరు. పెద్ద యుద్యోగము లేదు. తమ వాడలలోనే తమ పిల్లలకు అక్షరములు చెప్పించుకొనవచ్చునని నిరూపించెను. తుదకు ప్రభుత్వమే ఆ పాఠశాలలను తన నిర్వహణమునకు దీసికొనవలసివచ్చినది.

సర్కారు సీమలో ఈ గట్టును తెగగొట్టినవారు రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు. కాకినాడ పిఠాపురము రాజావారి కళాశాలకు అధ్యక్షులుగా నున్న కాలమున వారు బాలికలను కళాశాలలో చేర్చుకొనిరి. అస్పృశ్యులని యెంచబడిన బాలురకు చదువును బసయు కల్పించిరి. తమ జీతమున పెద్దభాగము బీదవిద్యార్థుల కొఱకే వెచ్చించిరి. పిఠాపుర ప్రభువు సూర్యారావుగారు ఈ గురువుగారి మాటను మన్నించి కోశాగారమును తెఱచిరి. విద్యాగురువునకు సంకల్పమును, ప్రభువునకు సంపదయు కలసినచోట ఎంతటి కార్యము నెఱవేఱునో కాకినాడ చూపినది.

ఆడుబిడ్డల విషయము ఇంతకంటెను కఠినము. హైదరాబాదున మాడపాటి హనుమంతరావుగారును వారి మిత్రులును 1928లో తెలుగు బాలికలకై ఒక పాఠశాలను స్థాపించిరి. తెలుగున బోధించు ఉన్నత పాఠశాలకు ఉస్మానియావారి గుర్తింపు లభింపలేదు. నిర్వాహకులు నిరాశ చెందలేదు. పూనాయందు కార్వే మహాశయులు 1916లో నెలకొల్పిన మహిళా విశ్వవిద్యాలయముతో సంబంధము కల్పించుకొని, తమ బాలికలను ఆ పరీక్షలకు పంపిరి. సొంత రాజ్యమున మూసిన తలుపును పరరాజ్యమునుండి తెఱపించిన ఈ యుక్తి మన విద్యాచరిత్రలో చిరస్మరణీయము. తల్లిభాషలో ఆడుబిడ్డను చదివింపగోరిన తండ్రికి ఆనాడు ఆ యొక్క దారి తప్ప వేఱు దారి లేకపోయెను.

ఇంతవఱకు పెద్దలు చేసిన పని చెప్పితిమి. విద్యార్థులు తమంతట తాము నిలిచిన ఘట్టము 1938లో వచ్చినది. ఆ సంవత్సరాంతమున ఉస్మానియా విశ్వవిద్యాలయ వసతిగృహమున విద్యార్థులు తమ ప్రార్థనలో వందేమాతరగీతము పాడుటను అధికారులు నిషేధించిరి. విద్యార్థులు లొంగలేదు. సమ్మె ఇతర పట్టణముల కళాశాలలకును వ్యాపించెను. అధికారులు వందలకొలది విద్యార్థులను బహిష్కరించిరి. పదునెనిమిది, ఇరువది యేండ్ల బాలురు. తల్లిదండ్రులు భూములు తాకట్టు పెట్టి చదివించుచున్నవారు. గీతము వదలిన చదువు దక్కును. చదువు వదలిన గీతము దక్కును. ఇట్టి సంకటమున వారు మానమునే యెన్నుకొనిరి.

అయితే మానమును దక్కించుకొన్న బాలునికి చదువును దక్కింపవలసిన భారము ఎవరిది? ఈ భారమును నాగపురము వహించినది. అచ్చటి విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులు కేదారుగారు బహిష్కృత విద్యార్థులకు తలుపులు తెఱచిరి. భాష వేఱు, రాజ్యము వేఱు, వాతావరణము వేఱు. అయినను ఆ విద్యార్థులు మన బిడ్డలే యని యాయన యెంచెను. ఒక్క అధికారి యొక్క సంతకముచేత వందల జీవితములు నిలబడినవి. ప్రవేశ నిబంధనలను కాపాడుట యధికారి ధర్మమే. నిబంధన నెపమున బాలుని భవిష్యత్తు చెడకుండ కాపాడుట అంతకంటె గొప్ప ధర్మమని కేదారుగారు చేతలతో చూపిరి.

ఆ బహిష్కృతులలో ఒకరు వంగర గ్రామమున పెరిగిన పాములపర్తి వేంకట నరసింహారావుగారు. వారు నాగపురము చేరి చదువు కొనసాగించిరి. కాలక్రమమున ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి యైరి. 1971 నవంబరులో నల్లగొండ జిల్లా సర్వేలు గ్రామమున ప్రభుత్వ గురుకుల పాఠశాలను ప్రారంభించిరి. మఱుసటి సంవత్సరము తాడికొండయందును, కొడిగెనహళ్లియందును అట్టి పాఠశాలలే వెలసినవి. పల్లెలోని తెలివిగల బీదబిడ్డను ఎన్నుకొని, అన్నమును బసయు బోధయు ఒక్కచోట ఉచితముగా నిచ్చుట ఈ పాఠశాలల పద్ధతి. కేంద్రమున విద్యాశాఖ వారి చేతికి వచ్చిన కాలమున, 1985-86లో, ఈ పద్ధతియే నవోదయ విద్యాలయముల రూపమున దేశమంతట వ్యాపింప నారంభించినది. బడినుండి వెడలగొట్టబడిన విద్యార్థి వేలకొలది పల్లెబిడ్డలకు బడి తలుపు తెఱచుట కంటె న్యాయమైన ప్రతీకారము వేఱొకటి కలదా!

1980 దశకమున సాంఘిక సంక్షేమ గురుకులములు వెలసి, దళిత గిరిజన బాలబాలికలకు ఈ నీడ విస్తరించినది. ఫలమును గూర్చి సందేహించువారికి ఒక్క నిదర్శనము చూపుదుము. 2014 మే నెల 25వ తేదీన ఎవరెస్టు శిఖరముపై నిలిచిన మాలావత్ పూర్ణ ఆనాటికి పదుమూడేండ్ల బాలిక, తండా బిడ్డ, సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థిని. అవకాశమే లభించినచో కుటీరమునకును శిఖరమునకును నడుమ దూరమెంతయు లేదని ఆ బాలిక లోకమునకు చాటినది.

ఇంత జరిగిన పిమ్మట ఇక మిగిలినదేమి యని పాఠకులు ప్రశ్నింపవచ్చును. మిగిలినది చాల కలదు. 2009లో పార్లమెంటు చేసిన నిర్బంధ ఉచిత విద్యాశాసనము ఆఱు మొదలు పదునాలుగేండ్ల వఱకు గల బాలబాలికలకే హక్కు నిచ్చుచున్నది. ఎనిమిదవ తరగతి ముగియుటతోడనే ఆ హక్కు ముగియుచున్నది. పల్లెబిడ్డకు అసలు కష్టము ప్రారంభమగునది అక్కడనే. ఊరిలో ఉన్నత పాఠశాల యుండవచ్చును. జూనియరు కళాశాల మండల కేంద్రమున నుండును. డిగ్రీ కళాశాల ఇంకను దూరమున నుండును. తరగతి పెరిగినకొలది దూరము పెరుగును. వయస్సు పెరిగినకొలది కూలికి పొమ్మను ఒత్తిడియు పెరుగును. ఆడుబిడ్డ విషయమున ఈ రెండింటికి తోడు పెండ్లిమాట వచ్చి చేరును. బస్సు వేళకు రాకపోవుటయే ఒక బాలిక చదువు మానుటకు చాలిన కారణమగుచున్నది. 2020 జాతీయ విద్యావిధానము 2030 నాటికి ఉన్నత పాఠశాల విద్య అందఱికి అందవలెనని గమ్యమును నిర్ణయించినది. గమ్యము ఉత్తమమే; దారిలో బస లేక గమ్యమెట్లు చేరుదుము?

గురుకులములు కలవు గదా యందురేని, వానిలో స్థలములు పరిమితములు. పరీక్షలో నెగ్గినవారికి లోపల చోటు దొరకును. పరీక్షలో ఒకటి రెండు గుణములు తగ్గిన బిడ్డకు దొరకదు. మొదటి తరగతినుండియు మంచి గురువు లేని బడిలో చదివిన బిడ్డకు ఆ గుణములు తగ్గుటలో వింతయేమి? ఎన్నుకొనబడినవారిని జూచి సంతోషించుట న్యాయమే. ఎన్నుకొనబడనివారి సంఖ్యయే ఎల్లప్పుడు అధికమని మఱువరాదు.

“ప్రభుత్వము పన్నులు వసూలు చేయుచున్నది, ఈ భారము వారిదే గాని మాది కాదు” అని కొందఱు వాదింతురు. భారము ప్రభుత్వముదే యనుట నిశ్చయము. దానిని ఒక్క గుప్పెడు కూడ తగ్గింపుడని మేము చెప్పము. అయినను మన చరిత్ర చూపునదేమి? వేంకటరామారెడ్డిగారు గాని, భాగ్యరెడ్డివర్మగారు గాని, హనుమంతరావుగారు గాని ప్రభుత్వము మేల్కొనువఱకు వేచియుండలేదు. ప్రజలు ముందు నడచిరి. ప్రభుత్వము వెనుక వచ్చినది. మఱియు ప్రభుత్వము నడుపు వసతిగృహమునకు సయితము ఊరివారి కన్ను ఒకటి కావలయును. బియ్యము ఎట్లున్నవి, నీరు శుభ్రమా, ఆడుబిడ్డల మఱుగుదొడ్లకు తలుపులున్నవా, రాత్రి దీపము వెలుగుచున్నదా, రోగము వచ్చిన బిడ్డను వైద్యుని యొద్దకు ఎవరు గొనిపోవుదురు అని నెలకొకమాఱు పోయి విచారించు నలుగురు పెద్దలు ఏ ఊరనున్నారో ఆ ఊర వసతిగృహము చక్కగా నడచును. అట్టివారు లేనిచోట ఎంత సొమ్ము మంజూరైనను పిల్లల కంచములో నీళ్లచారే మిగులును.

భూస్వాములైన మా పాఠకులకు ఒక చిన్న లెక్క మనవి చేయుదుము. ఎదుగుచున్న విద్యార్థి దినమునకు 500 గ్రాముల బియ్యము తినునని అనుకొందము. పదినెలలకు 150 కిలోలు. ధాన్యముగా లెక్కించిన రెండుంబావు క్వింటాళ్లకు మించదు. మాగాణి రైతునకు కళ్లమున కొలిచిన రాసిలో ఇది పది సెంట్ల పంట. గ్రామమున ఇరువదిమంది రైతులు ఈ పాటి యిచ్చినచో ఇరువదిమంది బిడ్డలకు ఏడాది పొడుగున బియ్యపుచింత యుండదు. పప్పునకు, కూరకు, వంటమనిషికి పట్టణవాసులు చందా వేసికొనవచ్చును. బిడ్డలు విదేశములకు పోగా తాళము వేసిన పెద్ద లోగిళ్లు మన పట్టణములలోను గ్రామములలోను ఎన్నియో కలవు. కళాశాలకు దగ్గఱనున్న అట్టి యిల్లొకటి నమ్మకమైన పెద్దముత్తైదువ సంరక్షణలో పదిమంది ఆడుబిడ్డలకు బసయైనచో, ఇంటికి కళయు వచ్చును. బిడ్డలకు చదువును నిలుచును. ఒక్క నియమము మాత్రము పాటింపవలయును. ఈ గృహములు ఏ కులము పేరిటను వెలయరాదు. మన పెద్దలు వేయలేకపోయిన రెండవ మెట్టు ఇదియే. దానిని మనము వేయవలసియున్నది.

విద్యార్థులకును మేము చెప్పవలసిన మాట యున్నది. వసతిగృహమున నుండువాడు అన్నము తినిపోవు అతిథి కాడు, గృహస్థుడు. పెద్ద తరగతి విద్యార్థి దినమున కొకగంట చిన్న తరగతివానికి లెక్కయో భాషయో చెప్పినచో, ఇద్దఱి చదువును గట్టిపడును. సెలవులలో స్వగ్రామమునకు పోయినప్పుడు, ఆ యేడు బడి మానిన పిల్లలెవరో, ఎందుకు మానిరో వ్రాసికొని వచ్చి నిర్వాహకుల కందించిన, ఏ యింటికి పోయి ఎవరిని బ్రతిమాలవలెనో పెద్దలకు తెలియును. ప్రవేశ పరీక్షలను గూర్చియు, ఉపకారవేతనములను గూర్చియు తెలియకనే ఎందఱో పల్లెబిడ్డలు వెనుకబడుచున్నారు. దరఖాస్తు పత్రమును నింపి పెట్టుట చిన్న పనివలె దోచును. ఆ పని చేయువాడు లేకయే ఒక బిడ్డ జీవితము దారి మళ్లుచున్నది.

మన దేశమున అన్నదానమును మించిన దానము లేదనియు, విద్యాదానమును మించిన దానము లేదనియు పెద్దలు రెండు మాటలు చెప్పుచుందురు. ఈ రెంటిలో ఏది గొప్పదను వాదమున మనకు బని లేదు. విద్యార్థి యెదుట పెట్టిన విస్తరియందు ఆ రెండు దానములును ఏకమగుచున్నవి. ఈ సంవత్సరము పదవ తరగతి ముగించిన బీదబిడ్డలలో ఎందఱు పై చదువునకు పోయిరో, ఎందఱు ఇంటనే నిలిచిపోయిరో ప్రతి గ్రామముననున్న పెద్దలు ఒక్క దినము కూర్చుండి లెక్క వేయవలెనని మేము ప్రార్థించుచున్నాము. ఆ లెక్క చేతికి వచ్చిననాడు పని యేదియో, అది ఎచ్చట మొదలిడవలెనో ఎవరును చెప్పనక్కఱ యుండదు.